రెండు మాత్రలు తక్కువ

జీడిమెట్ల ఫేజ్ త్రీలో, రాత్రి షిఫ్టులో
మాత్రలు ఎంచుడు నా పని.
పట్టీకి పది. పట్టీకీ పట్టీకీ నడుమ చుక్కల గీత,
వేలితో వంచితే అక్కడే విరుగుతుంది.

మిషన్ బొలోన్యా నుంచి వచ్చిన పాతది.
ఎవరో సెట్టింగు మార్చబోయి
ఉన్న ఇంగ్లీషు కూడా పోగొట్టారు,
తెర మీద మిగిలింది దాని తల్లిభాష ఒక్కటే.
ఎర్ర దీపం వెలిగితే అరెస్టో అని పడుతుంది.
"ఎవల్ని అరెస్టు చేసిన్రక్కా?"
లోడింగు అంజిగాడు రోజూ అదే జోకు.

ఆదివారాలు షాపూర్ నగర్‌లో,
చర్చి వెనక రేకుల గదిలో ఫిలోమినా టీచర్.
రోమ్‌లో పదకొండేళ్ళు
ముసలి సిస్టర్లకు వండిపెట్టి వచ్చింది.
ఫీజు అడగదు, గోంగూర కట్ట తెస్తే కాదనదు.

"మాటను ముందు విరువు, తర్వాత పలుకు" అంటుంది.
అర్-రె-స్తో.
స్ వెనక ఆగదు చూడు,
తో చెయ్యి పట్టుకుని ఎక్కేస్తుంది
కదిలే బస్సెక్కే కాలేజీ పిల్లాడిలాగా.
అల్-లార్-మె.
ఇక్కడ ల్ రెండిళ్ళ నడిమి గోడ,
సగం వాళ్ళది, సగం వీళ్ళది.
మనం ఆ సగాన్ని కింద వేలాడదీసి వత్తు అంటాం.
వాళ్ళు పక్కన కూర్చోబెడతారు.
బరువు అంతే.

తొమ్మిదో తరగతి తెలుగు సారు గుర్తొచ్చాడు.
వత్తు ముందు అక్షరం గురువు, రెండు మాత్రలు.
లఘువుకి ఒక్కటే.
మాత్రలంటే జ్వరం బిళ్ళలే తెలిసినదాన్ని,
కిసుక్కున నవ్వి
బెత్తం దెబ్బ తిన్నాను. అది మాత్రం లఘువు కాదు.

నా నోట్‌బుక్కులో ఇలా ఉంది:
పాలా అంటే పార. పాల్-లా అంటే బంతి.
ఒక్క ల్ తగ్గితే
పిల్లవాడి చేతికి పార వస్తుంది.

పా-ఊ-రా, భయం.
పౌరా అని కలిపేస్తే టీచర్ ఒప్పుకోదు.
"ముక్కముక్కగా చెప్పు, భయం తగ్గుతుంది" అంది,
అది వ్యాకరణమో కాదో నాకు తెలీదు.

ఇంకొకటి, ఞ.
పలక మీద దిద్ది చెరిపేశాక
నా బతుకులో మళ్ళీ కనపడని అక్షరం.
అదిప్పుడు బా-ఞో లో దొరికింది.
బాఞో అంటే బాత్‌రూమ్.
పోనీలే, ఉద్యోగమైతే దొరికింది దానికి.
తర్వాత చూస్తే మిషన్ నుదుటి మీద కూడా ఉంది,
బొ-లొ-ఞా.

ఫిబ్రవరిలో గేర్‌బాక్సు విరిగి
ఆ ఊరి మెకానిక్ వచ్చాడు,
తెల్ల మీసం, చొక్కా జేబులో సొంత స్క్రూడ్రైవరు.
మేనేజరు "మిస్టర్ ఎటోర్, మిస్టర్ ఎటోర్" అని తిరుగుతున్నాడు.
నేను నూనె గుడ్డ అందిస్తూ
"ఎత్-తో-రె" అన్నాను.
మిషన్ కిందినుంచి తల బయటికి వచ్చింది.

నా బ్యాడ్జి వైపు చూసి కూడబలుక్కున్నాడు,
"మ-ల-వ?"

పదహారేళ్ళ కింద ఎవరో టైపు చేసిన పేరు అది.
జీతం చీటీ మీద అదే,
మైకులో పిలిచేదీ అదే.
తల అడ్డంగా ఊపి, వేళ్ళు మడిచి చెప్పాను,
మల్-లవ్-వ.
అతను ఒక్కో గోడ దగ్గర ఆగి,
తలుపు కొట్టి లోపలికి వచ్చినట్టు
"మల్... లవ్... వ" అన్నాడు.
మా నాయనమ్మ పేరు. ఆమె పోయాక
అంత బరువుతో ఎవరూ అనలేదు.

మర్నాడు ఆఫీసులో అడిగితే
"ఏందమ్మా, ఒకటి రెండు అక్షరాలకు ఏం ఫరకు?" అన్నాడు క్లర్కు.
కాగితం మీద లెక్క వేసి చూపించాను.
మలవ మూడు, మల్లవ్వ అయిదు.
అతనికి ఎక్కలేదు. ఫారం మాత్రం ఇచ్చాడు.

రాత్రి మిషన్ కొత్త గేరుతో మెత్తగా తిరుగుతోంది.
అవ్-వీ-ఓ అని నొక్కాను.
రెండు గుంతలు ఖాళీగా ఉన్న పట్టీ ఒకటి వచ్చింది.
మిషన్ టక్కున దాన్ని పక్కకి తోసేసింది.

ఇన్నేళ్ళు
నన్ను మాత్రం ఎట్లా పోనిచ్చిందో.